పీత కష్టాలు పీతవేనా?

ఇది కాస్త పొడుగు పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి. చదివాక మాత్రం మీ మాట కింద రాయండి.

"గుడ్డు పీతను పట్టొద్దు" అనే మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. మీటింగుల్లో చెబుతున్నారు, బొమ్మలేసి ఫోన్లలో పంపుతున్నారు. మాట మంచిదే, మేమూ ఒప్పుకుంటాం. కానీ ఆ ఒక్క మాటతో మండపీత బతకదు, దాన్ని నమ్ముకున్న మన ఇళ్లూ బతకవు అని మా అభిప్రాయం. చెప్పేవాళ్లు ఏ గుడ్డు గురించి చెబుతున్నారో, వినేవాళ్లకి ఏ గుడ్డు అర్థమవుతోందో, ఆ రెండూ ఒకటి కాదు. పైగా ఆ మాట ఎప్పుడూ బురదలో చెయ్యి పెట్టేవాడికే చెబుతారు. కాటా పట్టుకున్నవాడికి ఎవరూ చెప్పరు.

మాలో మురమళ్ళ, ఐ.పోలవరం వైపు కాలవగట్ల మీద పెరిగిన యానాది ఇళ్ల పిల్లలం ఉన్నాం, ఎరుకల వాళ్లం ఉన్నాం, చదువు కోసం రంపచోడవరం, చింతూరు నుంచి కిందికి దిగిన కొండరెడ్డి, కోయ మిత్రులూ ఉన్నారు. కొండ మిత్రులకి తెలిసింది వాగుల్లో, పొలాల్లో దొరికే ఎండ్రకాయ. దాని పొట్ట మీది మూత ఎత్తితే ఒక్కోసారి బుల్లి బుల్లి పిల్లలు గుంపుగా కనపడతాయి కదా. మంచినీటి పీత అంతే. గుడ్డులోనే పిల్ల తయారై, పీత రూపంతోనే బయటికొస్తుంది. తల్లి కొన్నాళ్లు పొట్ట కింద మోస్తుంది. పుట్టిన వాగులోనే పెరుగుతుంది. పిల్లలు తల్లి కడుపు చీల్చుకుని పుడతాయని, తల్లి చచ్చిపోతుందని పెద్దవాళ్లు కొందరు అంటుంటారు. అది నిజం కాదు. పిల్లలు వెళ్లిపోయాక తల్లి బతికే ఉంటుంది.

మండపీత కథ వేరు. దాని బతుకు సగం మడ అడవి బురదలో, సగం సముద్రంలో. మురమళ్ళ దగ్గర వృద్ధ గౌతమి గట్టున నిలబడితే మనకి ఏరు మాత్రమే కనిపిస్తుంది. కానీ పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు పాయల్లోకి తోసుకొస్తుంది, ఆటుకి మళ్లీ దిగిపోతుంది. కింద కాట్రేనికోన వైపు, భైరవపాలెం వైపు, అటు కోరింగ అభయారణ్యం దాకా ఉన్న మడ అడవుల్ని ఈ నీరే కలుపుతోంది. మన ఇళ్లలోవాళ్లు ఆటు చూసుకుని దిగి, కన్నాల్లో కొక్కెం కర్ర పెట్టి, లేదా చేత్తోనే తడిమి పీతను లాగుతారు. కొందరు చేప తలకాయలు, కోడి వ్యర్థాలు ఎరగా కట్టి రింగు వలలు వేస్తారు.

ఇప్పుడు ఆడపీత సంగతి. దీన్ని బడిలో మాకెవరూ చెప్పలేదు. జువాలజీ పుస్తకంలో రొయ్య ఉంటుంది, బొద్దింక ఉంటుంది, మనకి అన్నం పెట్టే మండపీత ఉండదు.

పీతను వెల్లకిలా తిప్పితే పొట్ట మీద మూత కనిపిస్తుంది. మగదానికి సన్నగా, కోసుగా ఉంటుంది. ఈడేరని ఆడపిల్లకి త్రికోణంలా ఉంటుంది. ఈడేరిన ఆడదానికి వెడల్పుగా, గుండ్రంగా, ముదురు రంగులో పొట్టంతా కప్పేస్తుంది. త్రికోణం నుంచి గుండ్రానికి మారడం ఒక్కసారే జరుగుతుంది, డిప్ప మార్చుకున్నప్పుడు. ఆ సమయానికి ముందే మగపీత వచ్చి ఆడదాన్ని తన కిందికి లాక్కుని రోజుల తరబడి కాపలా కాస్తుంది. పాత డిప్ప వదిలి, ఒళ్లంతా మెత్తగా ఉన్న ఆ కొద్ది సమయంలోనే జత కడతాయి. డిప్ప గట్టిపడేదాకా మగది వదిలిపెట్టదు. అప్పుడు ఆడదాన్ని ఏ చేపైనా, నీటికుక్కైనా తేలిగ్గా మింగేస్తుంది మరి. మురమళ్ళలో వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణమే. అదే ఊరి పక్క పాయలో ఉన్న ఆడపీతకి మాత్రం బతుకు మొత్తానికి ఒకటి, మహా అయితే రెండు మూడు సార్లే ఆ యోగం.

ఆ ఒక్కసారే చాలు దానికి. మగదాని బీజాన్ని లోపల తిత్తిలో దాచుకుని, మళ్లీ జత కట్టకుండానే రెండు మూడు విడతలు గుడ్లు పెట్టగలదు. జత కట్టాక లోపల గుడ్డు పెరగడం మొదలవుతుంది. మొదట తెల్లగా, తర్వాత పసుపుగా, చివరికి ముదురు నారింజ రంగులో డిప్ప నిండా. డిప్ప వెనక అంచుకీ మూతకీ మధ్య సందులో వెలుతురుకి పెట్టి చూస్తే ఆ రంగు కనిపిస్తుంది. మా అమ్మలు చూసేది, షావుకారు చూసేది అదే. పులుసులో పడితే రుచంతా అదే. ఇది "లోపలి గుడ్డు" అనుకుందాం.

లోపల నిండాక ఆడపీత పాయలో ఉండదు. ఆటుతో పాటు మొగ వైపు నడక మొదలుపెట్టి సముద్రంలోకి దిగిపోతుంది. ఎందుకు పోతుందంటే, దాని పిల్లలు పుట్టగానే పీతలు కావు. కంటికి సరిగ్గా ఆనని చిన్న పురుగుల్లా నీళ్లలో తేలతాయి. వాటికి సముద్రమంత ఉప్పు కావాలి. ఏటి మంచినీరు తగిలితే చచ్చిపోతాయి. అందుకని తల్లి ఇసుక నేల వెతుక్కుని అక్కడ గుడ్లు బయటికి విడిచి పొట్ట కింద వెంట్రుకలకి అంటించుకుంటుంది. ఒక్కో తల్లికి లక్షల్లో, పెద్ద తల్లులకి పదుల లక్షల్లో గుడ్లు. ఇది "బయటి గుడ్డు". సుమారు పది పన్నెండు రోజులు వాటిని విసురుతూ, శుభ్రం చేస్తూ మోస్తుంది. మొదట నారింజ రంగులో ఉన్న ముద్ద గోధుమ రంగుకి, చివరికి నలుపుకి తిరుగుతుంది. నల్లబడిందంటే ఒకట్రెండు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయని లెక్క. అవి ఐదు దశలు మారి, ఆ తర్వాత ఇంకో రూపం ఎత్తి, దాదాపు నెల రోజులకి పీతపిల్లై పోటుతో మళ్లీ మన మడ అడవిలోకి వస్తాయి.

"లక్షల గుడ్లు పెడుతుంది కదా, ఒక తల్లి పోతే ఏమవుతుంది?" అని అడిగేవాళ్లుంటారు. హేచరీల్లో తిండి పెట్టి, నీళ్లు మార్చి, రాత్రీ పగలూ కాపలా కాసినా నూటికి పది పిల్లల్ని దాటించడమే గొప్ప. సముద్రంలో అయితే ఆ లక్షల్లోంచి చివరికి తల్లికి బదులొకటి, తండ్రికి బదులొకటి మిగిలితే ఆ పాయలో పీత సంఖ్య నిలబడినట్టు. అన్ని లక్షలు పెడుతోందంటే అన్ని లక్షలూ పోతాయని దానికి ముందే తెలుసన్నమాట.

ఇప్పుడు మొదటి మాటకి వద్దాం. "గుడ్డు పీతను పట్టొద్దు" అని చెప్పేవాళ్లు ఎక్కువగా చూపించే బొమ్మ బయటి గుడ్డుది. పొట్ట కింద ముద్దలా వేలాడే గుడ్లున్న తల్లిది. ఆ తల్లి సముద్రంలో ఉంటుంది. పాయలో కొక్కెం పట్టుకున్న మన బాబాయికి అది దొరకడమే అరుదు. దొరికేది సముద్రం మీద వల లాగే పడవలకి. కాబట్టి మనం ఆ మాటకి తలూపడం చాలా తేలిక, మనకేం ఖర్చవదు. పీతకి కూడా పెద్దగా ఒరిగేదేం లేదు.

మనకి నిజంగా దొరికేవి రెండు రకాలు. ఒకటి, లోపలి గుడ్డు నిండి సముద్రానికి బయల్దేరిన ఆడపీత. రెండోది, త్రికోణం మూత ఉన్న, ఇంకా జతే కట్టని పిల్ల పీత. అసలు ప్రశ్న ఈ రెండింటి దగ్గరే ఉంది. మొదటిదానికి మార్కెట్లో అన్నిటికన్నా మంచి రేటు. రెండోదాన్ని చెరువుల్లో వేసి పెంచేవాళ్లు లెక్కన కొంటారు. అంటే ఏది వదలాలో అదే డబ్బు, ఏది వదిలినా పోయేదేం లేదో దాని గురించే ప్రచారం.

కాటా దగ్గర రోజూ జరిగేది మీకు తెలుసు. "గుడ్డు నిండినయ్యి పక్కనెట్టవే, మిగతాయి తర్వాత చూద్దాం" అంటాడు కొనేవాడు. వయసులో వాడికన్నా ఇరవయ్యేళ్లు పెద్దైన మా అమ్మని "వే" అంటాడు, ఆవిడ "అలాగే బాబూ" అంటుంది. ముందు వలకనో, పండక్కనో, ఆస్పత్రికనో డబ్బు తీసుకుని ఉంటుంది. తీసుకున్నాక ఏ పీత తేవాలో నిర్ణయించేది ఆవిడ కాదు. ఆవిడకి వెళ్లి "అమ్మా, గుడ్డు పీతను వదిలెయ్యి, పర్యావరణం" అని చెబితే ఏమంటుంది? సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అంటుంది. పీతకీ ఆవిడకీ ఉన్నది ఒకే కష్టమని చెప్పాలంటే ముందు ఆ అప్పు సంగతి మాట్లాడాలి.

మా బాబాయి ఒకాయన ఇంకో మాట అన్నాడు. "నేనొదిల్తే పక్క పాయలోడు పడతాడు కదరా, నాకొచ్చే డబ్బులు ఆడికెళ్తాయి, పీత మాత్రం ఎలాగూ బతకదు." ఈ మాటకి జవాబు లేకుండా ఏ రూలూ నిలబడదు. ఒక్కడు వదిలితే దానం, అందరూ వదిలితేనే కట్టుబాటు.

తప్పంతా మనదే అన్నట్టు మాట్లాడేవాళ్లతో మాకు పేచీ ఉంది. మడ చెట్లు కొట్టేసి చెరువులు తవ్వింది మనం కాదు. చెరువుల మందు నీళ్లు పాయల్లోకి వదిలేది మనం కాదు. బయటి గుడ్డున్న తల్లుల్ని సముద్రంలో వలలతో ఊడ్చేదీ మనం కాదు. మన రాష్ట్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మర పడవల వేట నిషేధం. ఆ రోజులకి సముద్ర వేటకి వెళ్లే మత్స్యకారులకి ప్రభుత్వం భృతి ఇస్తుంది, 2025లో దాన్ని 20,000 రూపాయలు చేశారు. మంచిదే, వాళ్ల కష్టం వాళ్లది. కానీ పడవ లేకుండా కాలినడకన పాయలో దిగేవాడు ఆ లెక్కలోకే రాడు. రేపు ఎవరైనా పాయల్లో కూడా నిషేధం పెడితే మనకి నిషేధం వస్తుంది, భృతి రాదు. అందుకే ఎవరో వచ్చి రూలు పెట్టేదాకా ఆగకూడదు అంటున్నాం.

బయట ఏం చేశారో చూడండి. ఆస్ట్రేలియాలో మన మండపీతే ఉంది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఆడ మండపీతను పట్టడమే నిషేధం. మగదైనా డిప్ప వెడల్పు 15 సెంటీమీటర్లు ఉండాలి. దాని పక్కనే ఉన్న నార్తర్న్ టెరిటరీలో ఆడదాన్ని కూడా పట్టొచ్చు, కానీ మగదానికన్నా పెద్ద సైజు ఉండాలి, బయటి గుడ్డుంటే వదలాలి. ఒకే పీత, పక్కపక్క సర్కార్లు, రెండు పద్ధతులు. థాయ్‌లాండ్‌లో ఊళ్లవాళ్లు నీలి పీతకి "పీతల బ్యాంకు" పెట్టుకున్నారు. బయటి గుడ్డున్న తల్లి వలలో పడితే దాన్ని తొట్టెలోనో బుట్టలోనో ఉంచి, పిల్లలు బయటపడ్డాక వాటిని సముద్రంలో వదిలి, తల్లిని అమ్ముకుంటారు. పట్టినవాడికి డబ్బు పోదు. మాకు ఈ పద్ధతి బాగా నచ్చింది, కానీ ఇది మురమళ్ళ పాయలో పనికొచ్చేది కాదు, సముద్రం నీళ్లు అందే భైరవపాలెం లాంటి చోట అక్కడి పడవలవాళ్లు పూనుకోవాల్సింది. మన దగ్గర మనం చేయగలిగింది వేరే.

రూలు పెట్టుకోవడం మనకి కొత్తా? కొండ మిత్రులు చెప్పండి. మామిడి కొత్త చేసుకోకుండా మీ ఊళ్లో ఎవరైనా చెట్టెక్కి కాయ కోస్తారా? చిక్కుడు కొత్త కాకుండా చిక్కుడుకాయ పొయ్యి మీదికెక్కుతుందా? ఊరంతా కలిసి, పెద్దలు రోజు చెప్పి, పూజ చేసి, అప్పుడు తింటారు. దానికి ఏ జీవో లేదు. అయినా పదేళ్ల పిల్లాడు కూడా తప్పడు, ఎందుకంటే పక్కింటివాడూ తప్పడని వాడికి తెలుసు. మా బాబాయి ప్రశ్నకి జవాబు మీ ఊళ్లో ఉంది. దాన్ని కింద పాయల్లోకి తీసుకురావాలని మా కోరిక.

చట్టం కూడా అడ్డం కాదు, దారి. 2006 అటవీ హక్కుల చట్టం అంటే పోడు పట్టాలే అనుకుంటాం. అందులో సెక్షన్ 3(1)(డి) చదవండి. నీటి వనరుల్లోని చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు గురించి అక్కడ ఉంది. మడ అడవి కూడా అడవే. ఈ చట్టం ఏజెన్సీకే పరిమితం కాదు, మైదానంలో ఉన్న ఎస్టీలకీ, అభయారణ్యాలకీ వర్తిస్తుంది. 2005 డిసెంబర్ 13 నాటికి ముందు నుంచి ఆ అడవి మీద ఆధారపడి బతుకుతున్నట్టు చూపించాలి. సెక్షన్ 5 ఇంకా ముఖ్యం. అడవినీ, జంతువుల్నీ, నీటి వనరుల్నీ కాపాడే అధికారం హక్కుదారులకీ గ్రామసభకీ ఇచ్చింది. వాడుకోవడానికి కట్టుబాట్లు గ్రామసభే పెట్టొచ్చు. పీతల మీద మనమే ఒక కట్టుబాటు రాసి, పాటిస్తూ, దాని లెక్క చూపిస్తూ హక్కు అడిగితే ఆ మాటకి బరువుంటుంది. "వీళ్లు అడవిని పాడు చేస్తారు" అనే మాటకి ఇంతకన్నా గట్టి జవాబు మాకు తోచలేదు.

ఇక మా ప్రతిపాదన. మొదటిది, త్రికోణం మూత ఉన్న ఆడపీతను ఎవరూ పట్టకూడదు, ముఖ్యంగా ఎవరూ కొనకూడదు. కొలబద్ద అక్కర్లేదు, కాటా అక్కర్లేదు, తిప్పి చూస్తే చాలు. సెంటీమీటర్ల రూలు పెడితే పెద్ద ఆకుపచ్చ రకానికి ఒక సైజు, చిన్న ఎర్రకాళ్ల రకానికి ఇంకో సైజు కావాలి. మూత గుర్తు రెండింటికీ పనిచేస్తుంది. చెరువులవాళ్లకి పిల్లలు కావాలంటే హేచరీ పిల్లలున్నాయి. తమిళనాడులో శీర్కాళి దగ్గర తొడువాయిలో రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ వాళ్ల మండపీత హేచరీ ఉంది. అక్కణ్ణుంచి తెచ్చుకోమనండి. ధర ఎక్కువంటారు. ఎక్కువే. పాయలో పిల్ల చవగ్గా వస్తోందంటే దాని అసలు ధర రెండేళ్ల తర్వాత మన ఇంట్లో కడుతున్నామని అర్థం.

లోపలి గుడ్డు నిండిన తల్లి విషయంలో పూర్తి నిషేధం మేం అడగట్లేదు. అడిగితే మా అమ్మలే ముందు తిడతారు. ఇక్కడ మాలోనే రెండు అభిప్రాయాలున్నాయి. మొగ వైపు కొంత మేర ఏడాదంతా పీత వల వేయకుండా వదిలేద్దాం, బయల్దేరిన తల్లి అక్కడిదాకా చేరితే దాటిపోతుంది అని కొందరం అంటున్నాం. అది కింది ఊళ్లవాళ్ల కడుపు కొట్టడం అవుతుంది, అందరికీ సమానంగా ఉండాలంటే ప్రతి వేటలో దొరికిన మొదటి గుడ్డు పీత గంగమ్మది అని వదిలేద్దాం అని మిగతావాళ్లం అంటున్నాం. రెండోది చెప్పడం తేలిక, ఇంట్లో ఒప్పించడమూ తేలిక. వదిలారో లేదో చూసేదెవరు అనేదే చిక్కు. మొదటిది కంటికి కనపడుతుంది, వల ఉందా లేదా అంతే. మేం మొదటిదాని వైపే మొగ్గుతున్నాం, కానీ కింది ఊళ్ల మాట వినకుండా తీర్మానం చెయ్యం.

అప్పు సంగతి కూడా ఇందులో భాగమే. మన ఇళ్ల ఆడవాళ్ల పొదుపు సంఘాలు వలకీ ఎరకీ చిన్న అప్పు ఇవ్వగలిగితే కాటా దగ్గర "ఇది అమ్మను" అనే మాట నోటికొస్తుంది. అది లేకుండా పైవన్నీ కాగితం మీదే ఉంటాయి.

చదువుకున్నవాళ్లం మనం ఈ నెల నుంచి ఒక పని చేయొచ్చు. మండపీత ఏడాది పొడుగునా గుడ్డు పెడుతుంది, కానీ కొన్ని నెలల్లో బాగా ఎక్కువ, ఆ నెలలు చోటుని బట్టి మారతాయి. మన పాయల్లో ఏ నెలలో అన్నది మన ఇంట్లో లెక్కే చెప్పాలి. ఇంటికి ఒక నోటు పుస్తకం. తేదీ, తిథి, ఏ పాయ, మగవి ఎన్ని, గుండ్రం మూత ఆడవి ఎన్ని, అందులో ఎర్ర గుడ్డు నిండినవి ఎన్ని, త్రికోణం మూతవి ఎన్ని. అమ్మ చెబుతుంటే తమ్ముడో చెల్లో రాసినా చాలు. ఎవరి పేరూ, ఎంత డబ్బొచ్చిందీ రాయక్కర్లేదు, రాస్తే ఎవరూ నిజం చెప్పరు. ఐ.పోలవరం, కాట్రేనికోన, తాళ్లరేవు వైపు ఇళ్లున్నవాళ్లు ఎవరెవరు రాయగలరో కింద కామెంట్లో ఊరి పేరు పెట్టండి. కొండ మిత్రులు మీ ఊళ్లో కొత్త పండగ రోజు ఎవరు నిర్ణయిస్తారో, ఎవరైనా ముందే కోస్తే ఏం చేస్తారో రాయండి, మొగ దగ్గర ఊళ్లవాళ్లతో మాట్లాడేటప్పుడు మాకు అది కావాలి.